కడుపులోని మగబిడ్డను హార్మోన్ల పని చెడగొట్టే రసాయనాల నుంచి కాపాడుకోవడం ఎలా?

గర్భిణికి చెప్పే జాగ్రత్తలు చాలావరకు కడుపు పైకి తెలియడం మొదలయ్యాకే ఊపందుకుంటాయి. మగబిడ్డ జననాంగాల మటుకు అప్పటికే ఆలస్యమైపోతుంది. అవి ఎలా రూపుదిద్దుకోవాలన్నది గర్భం సుమారు 8 నుంచి 14 వారాల మధ్యే తేలిపోతుంది. ఆ వారాల్లో చాలా భాగం వేవిళ్లతోనో, మొదటి స్కానింగ్ కోసం ఎదురుచూపుతోనో గడిచిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో ఎక్కువ భాగం నెల తప్పాక కాదు, బిడ్డ కావాలనుకున్నప్పుడే మొదలుపెట్టాల్సినవి. పుట్టేది ఆడపిల్లా, మగపిల్లవాడా అని తెలియనక్కర్లేదు. ఈ జాగ్రత్తలు ఎవరు పుట్టినా మేలే చేస్తాయి.

ఇది చదువుతున్న మీకు ఇప్పటికే ఐదో నెల దాటిందా? కంగారు పడకండి. చాలామంది మగపిల్లలు ఏ లోపమూ లేకుండానే పుడుతున్నారు. కింద చెప్పిన వాటిలో చివరి భాగం, అంటే కాన్పు తర్వాత చూసుకోవాల్సినవి, మీకు ఎక్కువగా పనికొస్తాయి.

ముందుగా, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఈ భాగం దాటేసి నేరుగా వంటింటి జాగ్రత్తలకు వెళ్లాలనిపిస్తుంది. కానీ ఏది ముఖ్యమో, ఏది ఉత్త హడావిడో వేరుచేయడానికి ఈ కాస్త అవగాహన కావాలి.

తొలి ఆరు వారాల దాకా ఆడ, మగ పిండాలను చూసి తేడా చెప్పలేం. తర్వాత వై క్రోమోజోమ్ మీదున్న ఎస్‌ఆర్‌వై అనే జన్యువు పని మొదలుపెడుతుంది. అప్పటిదాకా ఎటూ తేలకుండా ఉన్న బీజగ్రంథి వృషణంగా మారుతుంది. అందులోని సెర్టోలి కణాలు ఒక హార్మోన్‌ను వదిలి, గర్భాశయంగా మారగల నాళాలను కరిగించేస్తాయి. లైడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తయారుచేస్తాయి. దానిలో కొంత డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారి పురుషాంగాన్ని, దాని కొసదాకా సాగే మూత్రనాళాన్ని, వృషణాల సంచిని తీర్చిదిద్దుతుంది. వృషణాలు పొట్టలోంచి కిందికి జారే ప్రయాణం రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి విడతను లైడిగ్ కణాలే వదిలే ఐఎన్‌ఎస్‌ఎల్3 అనే మరో హార్మోన్ నడిపిస్తుంది. గజ్జల్లోంచి సంచిలోకి దిగే రెండో విడత చివరి మూడు నెలల్లో, టెస్టోస్టిరాన్ సాయంతో పూర్తవుతుంది.

ఇదంతా అతి సూక్ష్మమైన మోతాదుల మీద నడిచే వ్యవహారం. ఆ కొన్ని వారాల్లో టెస్టోస్టిరాన్ తగ్గినా, లేక అది వెళ్లి అతుక్కోవాల్సిన చోట వేరే రసాయనం కూర్చున్నా, నిర్మాణంలో తేడా వస్తుంది. ఎడిన్‌బరో పరిశోధకులు 2008లో ఎలుకల మీద చేసిన పని దీన్ని బాగా పట్టి చూపించింది. పురుష హార్మోన్లను అడ్డుకునే ఫ్లూటమైడ్ అనే మందును గర్భంలోని వేర్వేరు దశల్లో ఇచ్చి చూశారు. అవయవాలు ఇంకా కంటికి కనిపించేలా రూపు కట్టకముందు, ఒక చిన్న వ్యవధిలో ఇచ్చినప్పుడే ప్రధానమైన లోపాలు వచ్చాయి. అది దాటాక ఇస్తే అంత నష్టం లేదు. అంతకుముందు జరిగిన నష్టం తర్వాత హార్మోన్ సరిపడా ఉన్నా పూడలేదు. పచ్చికుండ మీద పడ్డ వేలిముద్ర కాల్చాక చెరగనట్టే.

ఆ తేడా పుట్టినప్పుడు కనిపించే రూపాలు ముఖ్యంగా రెండు. వృషణాలు సంచిలోకి దిగకపోవడం ఒకటి. మూత్రం వచ్చే రంధ్రం పురుషాంగం కొసన కాకుండా కింది వైపు ఎక్కడో ఉండడం రెండోది, దీన్నే హైపోస్పాడియాస్ అంటారు. పెద్దయ్యాక కనిపించేవి ఇంకో రెండు: వీర్యం నాణ్యత తగ్గడం, వృషణాల క్యాన్సర్. డెన్మార్క్‌కు చెందిన వైద్య పరిశోధకుడు నీల్స్ స్కాకెబెక్ 2001లో ఈ నాలుగింటికీ మూలం ఒకటే కావచ్చని, అది గర్భంలోనే పడుతుందని ప్రతిపాదించారు. నాలుగూ ఒకే గొడుగు కిందికి వస్తాయా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. మూలం గర్భంలో ఉందన్న మాట మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ బలపడింది.

రుజువు ఎంత గట్టిదో తెలుసుకోండి

భయపెట్టే శీర్షికలు చూసినప్పుడు ఇది పనికొస్తుంది. హార్మోన్ మందు గర్భస్థ శిశువును మార్చగలదని మనుషుల్లోనే రుజువైన ఉదాహరణ డీఈఎస్. 1938లో తయారైన ఈ కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను గర్భస్రావాలు ఆపుతుందని నమ్మి లక్షలాది గర్భిణులకు ఇచ్చారు. ఆ తల్లుల కూతుళ్లలో అరుదైన యోని క్యాన్సర్ బయటపడ్డాక, 1971లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని గర్భిణులకు వాడొద్దంది. కొడుకుల్లో వృషణాల పక్కనుండే నాళాల్లో నీటి తిత్తులు, కిందికి దిగని వృషణాలు ఎక్కువగా కనిపించాయి.

డీఈఎస్ వైద్యులు చేతికిచ్చిన మందు, మోతాదు పెద్దది. మన ఇళ్లలో ఉన్నవి అలా కావు, కొద్దికొద్దిగా పదిచోట్ల నుంచి వస్తాయి. వాటిలో ఎక్కువగా పరిశోధించినవి థాలేట్లు. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి, సువాసన నిలిచి ఉండడానికి వీటిని వాడతారు. గర్భంతో ఉన్న ఎలుకలకు కొన్ని థాలేట్లు ఎక్కువ మోతాదులో ఇస్తే మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ పడిపోయి, పైన చెప్పిన లోపాలు వస్తాయి. ఇందులో అనుమానం లేదు. మనుషుల్లో 2005లో అమెరికా పరిశోధకురాలు షానా స్వాన్ బృందం, తల్లి మూత్రంలో థాలేట్ల అవశేషాలు ఎక్కువగా ఉన్నప్పుడు మగపిల్లల్లో మలద్వారానికి, జననాంగానికి మధ్య దూరం తక్కువగా ఉండడం గమనించింది. గర్భంలో టెస్టోస్టిరాన్ ఎంత పనిచేసిందో చెప్పే కొలత అది. 2015లో తొలి మూడు నెలల మూత్ర నమూనాలతో చేసిన ఇంకా పెద్ద అధ్యయనంలో, డీఈహెచ్‌పీ అనే థాలేట్ విషయంలో అదే ధోరణి కనిపించింది.

రెండో వైపు కూడా చూడాలి. మానవ పిండ వృషణ కణజాలాన్ని ఎలుకల్లో అమర్చి థాలేట్లు ఇచ్చిన ప్రయోగాల్లో టెస్టోస్టిరాన్ తగ్గలేదు. అంటే ఎలుకకు జరిగింది మనిషికి అచ్చం అలాగే జరగకపోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, తీర్పు కోసం ఆగనక్కర్లేదు. జాగ్రత్తలు తేలికైనవి, ఖర్చు దాదాపు లేనివి. కానీ అందులో దొర్లిన చిన్న పొరపాట్లకు నిద్ర పోగొట్టుకోవాల్సినంత గట్టి రుజువు కూడా లేదు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. ఒక్కొక్కటిగా ఏ హానీ చేయని మోతాదుల్లో ఉన్న రసాయనాలను కలిపి ఇచ్చినప్పుడు ఎలుకల్లో లోపాలు వచ్చాయి. కాబట్టి ఒకే ఒక్క విలన్‌ను వెతికి పట్టుకోవడం కంటే మొత్తం భారాన్ని తగ్గించుకోవడం తెలివైన పని.

మొదటి అడుగు: త్వరగా పోయేవాటిని, తిష్ఠ వేసేవాటిని వేరుచేసుకోండి

థాలేట్లు, గట్టి ప్లాస్టిక్‌లోనూ రేకు డబ్బాల లోపలి పూతలోనూ ఉండే బిస్ఫినాల్‌లు ఒంట్లో ఎక్కువసేపు ఉండవు. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. మరి దాదాపు అందరి మూత్రంలోనూ ఎందుకు కనిపిస్తాయంటే, పోయినంత మళ్లీ రోజూ లోపలికి వస్తోంది కాబట్టి. ఇది నిజానికి శుభవార్త. రాకడ ఆపితే ఫలితం రోజుల్లోనే తెలుస్తుంది. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఐదు కుటుంబాల్లోని ఇరవై మందికి మూడు రోజులపాటు డబ్బాల్లో, ప్లాస్టిక్‌లో పెట్టని తాజా ఆహారం ఇచ్చి చూస్తే, మూత్రంలో బిస్ఫినాల్ ఏ సగటున 66 శాతం తగ్గింది. డీఈహెచ్‌పీ అవశేషాలు సగానికి పైగా పడిపోయాయి.

పురుగుమందు డీడీటీ, పాత విద్యుత్ పరికరాల నూనెల్లో వాడిన పీసీబీలు, నీరు, నూనె అంటకుండా చేసే పీఫాస్ రసాయనాలు అలా కాదు. అవి ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతాయి. డీడీటీ విరిగితే వచ్చే డీడీఈ పురుష హార్మోన్ అతుక్కునే చోటనే అడ్డుకుంటుంది. వీటిలో చాలావాటికి, ఇలాంటి మొండి రసాయనాలను అదుపు చేయడానికి దేశాలు కుదుర్చుకున్న 2001 స్టాక్‌హోమ్ ఒప్పందం కింద పగ్గాలు పడ్డాయి. నెల తప్పాక మీరు ఏం చేసినా వీటి మోతాదు పెద్దగా మారదు. కడుపుతో ఉన్నప్పుడు ఉపవాసాలు, ‘డిటాక్స్’ రసాలు, వేగంగా బరువు తగ్గించే ఆహార పద్ధతులు అసలే వద్దు. కొవ్వు కరిగితే అందులో దాక్కున్న పాత రసాయనాలు రక్తంలోకి వస్తాయి. మీ శ్రమంతా త్వరగా పోయే రకం మీదే పెట్టండి.

రెండో అడుగు: వంటింట్లో వేడిని, ప్లాస్టిక్‌ను కలవనివ్వకండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు ఇదే. వేడి, నూనె, పులుపు, ఎక్కువసేపు నిల్వ — ఈ నాలుగూ ప్లాస్టిక్‌లోంచి రసాయనాలను బయటికి లాగుతాయి. కాబట్టి ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా పారేయడం కాదు, ఈ నాలుగింటి దగ్గర మాత్రం దాన్ని తప్పించండి.

వేడి పదార్థాన్ని గాజు, స్టీలు, పింగాణీ పాత్రల్లోకే వంచండి. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ గిన్నె పెట్టకండి, ప్లాస్టిక్ పొర కప్పి వేడిచేయకండి. డబ్బా మీద ‘మైక్రోవేవ్ సేఫ్’ అని రాసి ఉంటే ఆ గిన్నె కరగదు, వంకర పోదు అన్న భరోసా మటుకే. అందులోంచి ఏమీ దిగదన్న హామీ కాదు. టీ, కాఫీ, పులుసు వంటివి వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లలో కట్టించుకోవద్దు. నూనె, నెయ్యి, పచ్చళ్లు గాజులోనో పింగాణీలోనో నిల్వచేయండి. ప్లాస్టిక్ డబ్బాల్లో చల్లటి, పొడి సరుకులు పోసుకుంటే పెద్ద ఇబ్బంది లేదు. గీతలు పడి మసకబారిన పాత డబ్బాల్ని మాత్రం వంటింట్లోంచి తీసేయండి.

డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడడం అలవాటు చేసుకోండి. 3 అంటే పీవీసీ, థాలేట్లు ఉండే అవకాశం ఎక్కువ. 6 అంటే పాలీస్టైరిన్, వేడికి పనికిరాదు. 7 అంటే ‘ఇతరాలు’, గట్టి పారదర్శకమైన పాలీకార్బొనేట్ కూడా ఇందులోకే వస్తుంది, దాన్నుంచి బిస్ఫినాల్ ఏ దిగుతుంది. తప్పక వాడాల్సి వస్తే 2, 5 నయం.

‘బీపీఏ (బిస్ఫినాల్ ఏ) లేదు’ అన్న చీటీ చూసి పూర్తిగా నిశ్చింత పడకండి. చాలా వస్తువుల్లో దాని చోట బిస్ఫినాల్ ఎస్, బిస్ఫినాల్ ఎఫ్ వచ్చి చేరాయి, వాటి ప్రవర్తన కూడా దాదాపు అలాంటిదే. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో బీపీఏకి రోజూ సహించదగ్గ మోతాదును అంతకుముందున్న దానిలో ఇరవై వేల వంతుకు దించేసింది. ఒక పదార్థం మీద నిపుణుల అంచనా ఇంతలా మారినప్పుడు దాని చుట్టాలను ముందే నమ్మడం నాకు తొందరపాటే అనిపిస్తుంది.

రేకు డబ్బాల్లో వచ్చే ఆహారం తగ్గించండి. ఆ డబ్బాల లోపలి పూత చాలాకాలంగా బిస్ఫినాల్‌లతో చేస్తున్నదే. యంత్రాల గొట్టాలు, బెల్టులు, ప్యాకెట్ల గుండా ఎంత ఎక్కువ ప్రయాణం చేస్తే ఆహారంలో థాలేట్లు అంత చేరతాయి. అందుకే బయటి తిండి, ప్యాకెట్ చిరుతిండి ఎక్కువగా తినేవారిలో ఇవి ఎక్కువగా ఉంటాయి.

ఇంత చేసినా మన అదుపులో లేనిది ఒకటుంటుంది. 2013లో ప్రచురితమైన ఒక అమెరికా ప్రయోగంలో ప్లాస్టిక్ తగలకుండా వండించిన భోజనం పెట్టారు. తగ్గాల్సిన డీఈహెచ్‌పీ అవశేషాలు ఎన్నో రెట్లు పెరిగాయి. ఆరా తీస్తే, వాడిన పదార్థాల్లో ధనియాల పొడి లాంటి మసాలాల్లో అది ఎక్కువగా ఉందని తేలింది. మసాలాలు మానేయమని కాదు నేను చెప్పేది. వీలైతే దినుసులు విడిగా కొని ఇంట్లో పొడి కొట్టుకోండి. అంతకు మించి వెంటపడొద్దు.

కూరగాయలు, పండ్లు పారే నీటి కింద చేత్తో రుద్ది కడగండి. విన్‌క్లోజోలిన్, ప్రొసిమిడోన్ లాంటి శిలీంద్రనాశకాలు పురుష హార్మోన్‌ను అడ్డుకుంటాయని జంతువుల్లో తేలింది. కడిగితే పైన ఉన్నవి చాలావరకు పోతాయి, కండలోకి ఇంకినవి పోవు. అలాగని పండ్లు, ఆకుకూరలు తగ్గించడం మాత్రం వద్దు. అవి లేకపోవడం వల్ల జరిగే నష్టమే పెద్దది.

మూడో అడుగు: సువాసనల్ని తగ్గించండి

చీటీ మీద ‘ఫ్రాగ్రెన్స్’ లేదా ‘పర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాట వెనక పదుల కొద్దీ రసాయనాలు పేర్లు చెప్పకుండా దాక్కుంటాయి. థాలేట్లు అందులో ఉండొచ్చు. 2016లో వెలువడ్డ అమెరికా అధ్యయనంలో వంద మంది టీనేజీ అమ్మాయిలు థాలేట్లు, నిల్వ కోసం కలిపే పారాబెన్‌లు లేని సౌందర్య సాధనాలు మూడు రోజులు వాడారు. సువాసనల్లో ఉండే డైఇథైల్ థాలేట్ అవశేషం 27 శాతం తగ్గింది. ఎలుకల్లో టెస్టోస్టిరాన్‌ను దెబ్బతీసేవాటిలో ఈ డైఇథైల్ థాలేట్ లేదు. అయినా అలవాటు మారిస్తే ఒంట్లో మోతాదు ఎంత త్వరగా మారుతుందో ఇది చూపిస్తుంది.

ఒంటికి రాసి వదిలేసే వాటి మీద ముందు దృష్టి పెట్టండి: లోషన్లు, సెంట్లు, డియోడరెంట్లు, గోళ్ల రంగు. కడిగేసే సబ్బు, షాంపూ తర్వాత సంగతి. ఇంట్లో గాలికి కొట్టే సువాసన స్ప్రేలు, కారులో వేలాడదీసేవి తీసేయండి. వీటి అవసరం నిజంగా ఎవరికీ లేదు.

నాలుగో అడుగు: దుమ్ము, రసీదులు, చేతులు

ఇంటి దుమ్ములో ఫర్నిచర్ నుంచి, వైర్ల నుంచి, పీవీసీ నేల పరుపుల నుంచి రాలిన రసాయనాలు పోగుపడతాయి. పొడి చీపురుతో లేపే బదులు తడిగుడ్డతో తుడవండి, కిటికీలు తెరవండి, తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. దుకాణాల్లో ఇచ్చే నున్నటి థర్మల్ రసీదుల మీద బిస్ఫినాల్ పొడిపొడిగా ఉంటుంది. అక్కర్లేకపోతే తీసుకోకండి. చేతికి శానిటైజర్ రాసుకున్న వెంటనే రసీదు పట్టుకుంటే చర్మం లోపలికి మరింతగా ఇంకుతుందని ప్రయోగాల్లో తేలింది. గల్లాపెట్టె దగ్గర పనిచేసేవారికి ఇది ముఖ్యం. గ్లోవ్స్ వేసుకోండి. కడుపుతో ఉన్నప్పుడు కొత్త రంగులు వేయించడం, పురుగుల మందు కొట్టించడం వాయిదా వేసుకోండి.

ఐదో అడుగు: మందుల పెట్టెను డాక్టర్‌తో కలిసి చూడండి

ఈ అడుగు అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది. హార్మోన్లను నేరుగా తాకే మందుల ప్రభావం ప్లాస్టిక్ డబ్బాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండొచ్చు. గర్భం కోసం ప్రయత్నించేముందే మీరు వాడుతున్న ప్రతి మందు పేరూ డాక్టర్‌కు చూపించండి.

మొటిమలకో, అవాంఛిత రోమాలకో స్పైరోనోలాక్టోన్ వాడుతుంటే తప్పక చెప్పండి. అది పురుష హార్మోన్లను అడ్డుకుంటుంది. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడేవారికి బిడ్డలో వెన్నుపూస లోపాలతోపాటు హైపోస్పాడియాస్ ముప్పు కూడా పెరుగుతుంది. కానీ దాన్ని మీ అంతట మీరు ఆపితే మూర్ఛ తిరగబెట్టి ప్రాణం మీదికి రావొచ్చు. మార్చాల్సింది డాక్టరే, అదీ గర్భానికి ముందే. మీ భర్త జుట్టు రాలడానికో, ప్రోస్టేట్‌కో ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ వాడుతుంటే, విరిగిన మాత్రల్ని, కారిన క్యాప్సూల్స్‌ని మీరు ముట్టుకోకండి. టెస్టోస్టిరాన్ డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారే మెట్టునే అవి ఆపేస్తాయి. పేగులో మాత్రమే కరిగేలా పూత పూసిన కొన్ని మాత్రల్లో థాలేట్లు వాడేవారు. అమెరికా ఔషధ సంస్థ 2012లో వాటిని తప్పించమని తయారీదారులకు సూచించింది. మీరు అలాంటి మాత్ర రోజూ వేసుకుంటుంటే, థాలేట్ లేనిది ఉందేమో అడగండి.

ఇక పారాసిటమాల్. దీని మీద రెండు వైపులా అతి మాటలు వినిపిస్తున్నాయి. ఎడిన్‌బరో బృందం 2015లో మానవ పిండ వృషణ కణజాలంతో చేసిన ప్రయోగంలో ఏడు రోజులు వరసగా ఇస్తే టెస్టోస్టిరాన్ తగ్గింది, ఒక్కరోజు ఇస్తే తగ్గలేదు. వారాల తరబడి వాడిన తల్లుల కొడుకుల్లో కిందికి దిగని వృషణాలు ఎక్కువన్న డెన్మార్క్ అధ్యయనాలూ ఉన్నాయి. వీటి ఆధారంగా 2021లో కొందరు శాస్త్రవేత్తలు అవసరమైనప్పుడే, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడమని పిలుపునిచ్చారు. అవసరమైనప్పుడు మానమని వాళ్లూ చెప్పలేదు. గర్భం తొలి వారాల్లో తగ్గని గట్టి జ్వరం బిడ్డ నాడీవ్యవస్థకే చేటు. కాబట్టి జ్వరం వస్తే డాక్టర్ చెప్పినట్టు వేసుకోండి. చిన్నచిన్న తలనొప్పులకు రోజూ మింగే అలవాటుంటే మానండి, నొప్పి తగ్గకపోతే కారణం కనుక్కోండి. దాని బదులు ఐబూప్రోఫెన్‌కు మారడం పరిష్కారం కాదు. ఇరవయ్యో వారం తర్వాత ఆ తరగతి మందులు బిడ్డ మూత్రపిండాలకు ఇబ్బంది తెస్తాయని 2020లో హెచ్చరిక వచ్చింది.

ఫోలిక్ యాసిడ్ మాత్రం గర్భానికి ముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాములు వేసుకోండి. వెన్నుపూస కోసం చెప్పే మాటే అయినా, లండన్ పరిసరాల్లో జరిగిన ఒక అధ్యయనంలో తొలి మూడు నెలలు అది వేసుకున్న తల్లుల బిడ్డల్లో హైపోస్పాడియాస్ తక్కువగా కనిపించింది.

పొగాకు గురించి ఒక్క వాక్యం చాలు: మీరూ, మీ పక్కనున్నవారూ మానేయాలి.

ఆరో అడుగు: పనిచేసే చోటు

పైన చెప్పిన లండన్ అధ్యయనంలోనే, పనిలో భాగంగా హెయిర్ స్ప్రే మధ్య గడిపిన తల్లుల కొడుకుల్లో హైపోస్పాడియాస్ రెట్టింపుకు పైగా కనిపించింది. డెన్మార్క్‌లో గ్రీన్‌హౌస్‌లలో పనిచేసిన తల్లుల కొడుకుల్లో వృషణాలు దిగకపోవడం ఎక్కువగా ఉంది. ఇంట్లో ఎంత జాగ్రత్తపడ్డా, రోజుకు ఎనిమిది గంటలు ఇలాంటి చోట గడిపితే లెక్క తప్పుతుంది. బ్యూటీ సెలూన్, పురుగుమందులు, రంగులు, ప్లాస్టిక్ తయారీ, ప్రింటింగ్ — వీటిలో దేనిలో ఉన్నా నెల తప్పకముందే యజమానితో మాట్లాడండి. స్ప్రే చేసే పని నుంచి వేరే పనికి మారడం, గాలి బాగా ఆడేలా చూడడం, సరైన గ్లోవ్స్ అడగండి. అందరికీ చెప్పే సమయం రాలేదనుకుని చాలామంది మూడో నెల దాకా ఆగుతారు. ఈ ఒక్క విషయంలో ఆ మొహమాటం ఖరీదైనది.

ఇంట్లో మరొకరు పురుగుమందులు కొట్టే పనిచేస్తుంటే, వారు ఆ బట్టలు గుమ్మం బయటే విప్పి, విడిగా ఉతికించి, స్నానం చేశాకే లోపలికి రావాలి. తండ్రి కాబోయేవారికి ఇంకో మాట: వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి ఆయన జాగ్రత్తలూ మూడు నెలల ముందు మొదలవ్వాలి.

ఏడో అడుగు: కాన్పు తర్వాత చూసుకోవాల్సినవి

మగబిడ్డ పుట్టగానే ఈ రెండు ప్రశ్నలూ మీరే అడగండి: ‘రెండు వృషణాలూ సంచిలో ఉన్నాయా? మూత్రద్వారం కొసనే ఉందా?’

నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి నలుగురికి ఒకటో రెండో వృషణాలు కిందికి దిగి ఉండవు. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఇది చాలా ఎక్కువ. చాలామందికి తొలి నెలల్లో వాటంతట అవే దిగుతాయి, ఎందుకంటే ఒకటి నుంచి మూడు నెలల వయసులో బిడ్డ ఒంట్లో టెస్టోస్టిరాన్ మరోసారి పెరుగుతుంది. ఆరు నెలలకీ దిగకపోతే ఇంక ఎదురుచూడొద్దు. పిల్లల సర్జన్‌ను కలవండి. ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించడం మంచిది. ‘పెద్దయ్యాక అదే దిగుతుందిలే’ అన్న సలహా ఎవరిచ్చినా వినకండి. ఆలస్యమయ్యేకొద్దీ వీర్యకణాలు తయారుచేసే మూలకణాలు తగ్గిపోతాయి, క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది.

రెండు వృషణాలూ చేతికి తగలకపోతే, లేదా ఒకటి తగలకపోవడంతోపాటు మూత్రద్వారం కూడా కిందికి ఉంటే అది ఆగే సంగతి కాదు. అడ్రినల్ గ్రంథికి సంబంధించిన ఒక జన్మ లోపం ఇలా కనిపించొచ్చు, అది రోజుల్లోనే ప్రాణాంతకమవుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే పరీక్షలు చేయించండి.

హైపోస్పాడియాస్ ఉంటే ముందోలు కోయించకండి. ఆపరేషన్‌లో మూత్రనాళాన్ని సరిచేయడానికి ఆ చర్మమే కావాల్సి రావొచ్చు. ఆ ఆపరేషన్ చేయించాల్సి వస్తే సాధారణంగా ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య చేస్తారు. చాలా తేలికపాటి రూపాలకు ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు.

నెలలు నిండక ఐసీయూలో పెట్టాల్సి వస్తే, గొట్టాలు, సెలైన్ సంచులు డీఈహెచ్‌పీ లేనివి దొరుకుతాయేమో అడగండి. అమెరికా ఔషధ సంస్థ 2002లోనే మగ శిశువులకు అలాంటివి వాడడం మంచిదని సూచించింది. దొరకకపోతే చికిత్స మాత్రం ఆపకూడదు. పాలసీసా వాడితే గాజుది తీసుకోండి, ప్లాస్టిక్‌ది అయితే అందులో పాలు వేడిచేయొద్దు.

మీ బిడ్డకు ఏదైనా లోపం కనిపించిందనుకోండి. ‘నేనేం తిన్నాను, ఏం రాసుకున్నాను’ అని వెనక్కి తవ్వుకోకండి. జన్యువులు, తక్కువ బరువు, మాయ సరిగా పనిచేయకపోవడం, నెలలు నిండకపోవడం వంటి కారణాలు ఎన్నో ఉంటాయి. ఒక్క బిడ్డ విషయంలో ఫలానా డబ్బా వల్లే అని ఏ డాక్టరూ చెప్పలేరు. డబ్బు కట్టించుకుని మూత్రంలో థాలేట్లు కొలిచిపెడతామనే పరీక్షలు కూడా వృథా. అవి నిన్నటి భోజనం గురించి చెబుతాయి గానీ, ఆ 8 నుంచి 14 వారాల గురించి చెప్పలేవు.

పుట్టినప్పుడు సరిగానే ఉన్న వృషణం కొందరు పిల్లల్లో తర్వాత మళ్లీ పైకి వెళ్తుంది. కాబట్టి ఏడాదికోసారి జరిగే ఆరోగ్య పరీక్షలో అది కూడా చూడమని చెప్పండి. స్నానం చేయించేటప్పుడు గోరువెచ్చటి నీళ్లలో మీకూ సులువుగా తెలుస్తుంది. ఆపరేషన్ అయితే ఏ వయసులో, ఏ వైపు చేశారో రాసిన కాగితాలు భద్రపరచి, పిల్లవాడు యుక్తవయసుకు వచ్చాక అతని చేతికివ్వండి. నెలకోసారి తన వృషణాలను తడిమి చూసుకోవడం, గట్టి గడ్డలా తగిలితే వెంటనే చెప్పడం అప్పుడే నేర్పాలి.